నీసు ముట్టిన పూట

మూత సరిగ్గా పెట్టలేదు పుష్ప వదిన, ఆవిరంతా ఇటే వస్తోంది, ఇన్నాళ్లూ పప్పుచారు తప్ప మరో వాసన లేని ఇంట్లో చేపల పులుసు వాసన, కొడుకు సాయిశంకర్‌కి ప్రాణం, ఇంటర్‌కొచ్చినా ముళ్లు తీసి పెట్టమనేవాడు, మీసాలొచ్చాయి సిగ్గులేదా అని వాళ్ల నాన్న వెక్కిరించేవాడు, ఆ నాన్నే ఇప్పుడు గోడకి ఆనుకుని కంచం ముందు కూర్చున్నాడు, రేపట్నుంచి స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీకి వెళ్లాలట, దినాలైపోయాయి, పుట్టింటివాళ్లు నీసు వండి తెచ్చారు, తల్లి తొలి ముద్ద తింటే గానీ ఎవరూ ముట్టరు, పైడితల్లి తింటే ఇక మైల విడిచిపెట్టినట్టే, విడిచిపెట్టడమంటే ఏమిటి, వాణ్నా.

ఏ నోటితో తింటుంది, పరీక్షలైపోయాయని దువ్వాడ కాలేజీ నుంచి స్నేహితులతో బీచ్‌కి పోయినవాడు, మోకాళ్ల దాకే దిగామన్నారు వాళ్లు, రెండు రోజులకి భీమిలి వైపు ఒడ్డుకొచ్చాడు, ముఖం చూడొద్దమ్మా అన్నారు, చూసింది, కళ్లు, చేపలు, వద్దు, తలుచుకోకూడదు, తలుచుకోకుండా ఎలా ఉంటుంది, ఈ ఊళ్లో ఎటు తిరిగినా సముద్రమే, బస్సెక్కినా కిటికీలోంచి కనబడుతుంది దొంగముండ, వదిన పక్కకొచ్చి కూర్చుంది, పొద్దున్నే తగరపువలస దాకా పోయి వెతికి తెచ్చిందట, చెవి దగ్గర మెల్లగా, సెరువు సేపేనే పైడీ, సముద్రాంది కాదు, ఒట్టు, ఒక్క ముద్ద తిను, మీ ఆయన్ని సూడు, సగమైపోనాడు.

ఇంత ఆలోచించిందా పిచ్చిది, ఏడుపు వస్తే బావుండేది, రాలేదు, చెయ్యి దానంతటదే కంచంలోకి వెళ్లింది, ముల్లు తీసింది, ముక్కని పక్కకి జరిపింది, ఎవరికోసం జరిపిందో తెలిసి వేళ్లు ఆగిపోయాయి, కొండలరావు చూస్తున్నాడు, మొగుడికి ఆకలేస్తోంది, ఈ నిమిషాన ఆ కళ్లలో కొడుకు లేడు, కంచం ఉంది, ఛీ అనుకుంది, ముద్ద నోట్లో పెట్టుకుంది, గొంతుకి అడ్డం పడుతుందనుకుంది, వాంతవుతుందనుకుంది, వాంతయితేనే తను వాడి తల్లి, కానీ నాలిక కదిలింది, నమిలింది, మింగింది, బాగానే ఉంది గానీ, పైకే అనేసింది, వదినా, పులుపు సాల్లేదు.

అందరూ ఊపిరి వదిలారు, వదిన కొంగుతో కళ్లొత్తుకుంది, కొండలరావు అన్నం కలిపాడు, పైడితల్లి మాత్రం ఎంగిలి చేత్తో అలాగే ఉండిపోయింది, వాడి వెనకే పోతానని ఇన్నాళ్లూ నమ్మింది, పోదు, ఇవాళ పులుపు కావాలంది నాలిక, రేపు నిద్ర కావాలంటుంది ఒళ్లు, వాడు లేకుండానే తను బతికేస్తుంది.