స్లాట్ దొరికిన దేశం

ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కుదామని నేనంటే, చివరికి స్విట్జర్లాండ్‌లో రైలెక్కుదామని తేలింది. ఎలా తేలిందో చెప్తాను. మధ్యలో గొంతు పెరిగితే ఏమనుకోకండి, నాకింకా చల్లారలేదు.

మేముండేది అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్ళో. ఇక్కడ సైకిల్ తొక్కాలంటే రెండే దార్లు. ఒకటి వాగు పక్కన వేసిన గ్రీన్‌వే. దాని నిండా పిల్లల్ని తోసుకెళ్ళే స్ట్రోలర్లు, కుక్కలు, నలుగురేసి పక్కపక్కన నడుస్తూ ప్రాజెక్టు కబుర్లు చెప్పుకునే మనవాళ్ళు. బెల్లు కొడితే వాళ్ళింట్లోకి చొరబడ్డట్టు చూస్తారు. రెండోది ఊరి బయట రోడ్లు. అక్కడ పికప్ ట్రక్కులు మోచెయ్యి రాసుకుంటూ పోతాయి, పోతూ పోతూ హారన్ కొడతాయి. మూడేళ్ళుగా శనివారాలు తొక్కుతూనే ఉన్నాను గానీ, ముందుకు చూసింది తక్కువ, మెడ తిప్పి వెనక్కి చూసుకుంది ఎక్కువ. ఒక్కసారి, ఒక్క వారం, వెనక్కి చూడకుండా తొక్కాలని నా కోరిక. అంతకంటే ఏమీ అడగలేదు ఎవర్నీ.

అందుకే గాస్కనీ. ఫ్రాన్స్‌కి నైరుతి మూల. పెద్ద కొండలేం ఉండవు. నేల అలా లేచి ఇలా దిగుతూ పోతుంది. మిట్ట మీద రాతి ఇళ్ళ ఊరు, పల్లంలో పొద్దుతిరుగుడు చేలు, మళ్ళీ మిట్ట. కార్లు అరుదనీ, వచ్చినా దారి దొరికే దాకా వెనకే ఓపిగ్గా వస్తాయనీ అక్కడ తొక్కొచ్చినవాళ్ళు రాశారు. ఓష్ అనే ఊళ్ళో మొదలై, ఆరు రోజులు చుట్టి, మళ్ళీ ఓష్‌కే చేరేలా రూట్ గీశాను. అక్కడ సోమవారం బేకరీలు మూసేస్తారని తెలిసి, ఆ రోజు సంత జరిగే ఊరి మీదుగా దారి మళ్ళించాను. మ్యాప్‌లో ఫోటోలు జరుపుకుంటూ ఏ మలుపులో మంచినీళ్ళ కుళాయి ఉందో కూడా చూసిపెట్టాను. మా కాలనీలో సందులకంటే ఆ సందులే నాకు బాగా తెలుసు.

ఈ వేసవి తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలీదు. నా హెచ్‌వన్ వీసా స్టాంపు ఆగస్టు ఆఖరికి అయిపోతుంది. ఆ తర్వాత అమెరికా దాటితే, ఇండియా వెళ్ళి కొత్త స్టాంపు వేయించుకుంటే గానీ తిరిగి రానివ్వరు. ఆ క్యూలో ఇరుక్కుని ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఇక మిగిలింది గ్రీన్‌కార్డ్ వచ్చాక వెళ్ళడం. అది వచ్చేసరికి నా మోకాళ్ళు నా మాట వింటాయో లేదో.

నేను చేసిన బుద్ధితక్కువ పనల్లా ఈ సంగతి పైకి అనడం. మా ఆయన నీరజ్ సరే అన్నాడు. శనివారాలు మాతో తొక్కే రఘువీర్, అతని భార్య హాసిని మేమూ వస్తామన్నారు. సంతోషించాను కూడా. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూప్ పుట్టింది. గ్రూప్ పుట్టిందంటే ప్లాన్ మన చెయ్యి దాటిపోయినట్టే.

రఘువీర్‌ది కరీంనగర్. వీసా అపాయింట్‌మెంట్ స్లాట్లు పట్టడంలో మా సర్కిల్ మొత్తానికీ అతనే దిక్కు. మార్చిలో ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"వదినా, ఫ్రాన్స్ స్లాట్లు ఒక్కటి గూడ లేవు. స్విస్‌వి మస్తున్నయ్. నాలుగు ఒక్క రోజే దొరుకుతున్నయ్. తీస్కుంటున్నా."

"స్విస్‌వి ఎందుకు? మనం వెళ్ళేది ఫ్రాన్స్‌కి కదా?"

"యూరప్‌ల గీ రెండిట్ల ఏ దేశం వీసా తీస్కున్నా రెండు దిక్కులా తిరగొచ్చు. గానీ ఎక్కువ నైట్స్ ఏడ ఉంటే ఆ దేశంలనే అప్లై చెయ్యాలె, గంతే రూల్. పేపర్ మీద స్విస్ నైట్స్ ఎక్కువ చూపిద్దాం. రీఫండబుల్ హోటల్స్ బుక్ చేసి, వీసా రాంగనే క్యాన్సిల్ చేద్దాం. ఎవడు అడుగుతడు వదినా?"

అందరూ చేసే పనేగా అని నేనూ తలూపాను.

ఆ ఉత్తుత్తి ప్లాను రెండు వారాలు కూడా ఉత్తుత్తిగా ఉండలేదు. హోటళ్ళ ఫోటోలు గ్రూప్‌లో పెట్టగానే హాసిని మొదలెట్టింది. "అక్కా, కిటికీ తీస్తే మంచుకొండే! దీన్ని క్యాన్సిల్ చేయడానికి మనసెలా వస్తుంది? పక్కనే ఇండియన్ రెస్టారెంట్ కూడా ఉందట." ఆఫర్ ఉందని రఘువీర్ కొండరైలు టికెట్లు కొనేశాడు, అవి మాత్రం రీఫండబుల్ కావు. ఆ టికెట్ల చుట్టూ మిగతా రోజులు సర్దారు. గాస్కనీ ఆరు రోజుల నుంచి మూడుకొచ్చింది, మూడు ఒకటైంది. ఆ ఒక్క రోజు కోసం అంత దూరం ఎందుకని పోల్ పెట్టారు. ముగ్గురు మంచుకొండకి, ఒక్కరు గాస్కనీకి. ఆ ముగ్గురిలో మా ఆయన ఉన్నాడు.

"జెనీవా దగ్గర సరస్సు అవతల ఫ్రాన్సే వదినా," అని రఘువీర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బోటెక్కి పోయి ఓ గంట సైకిల్ తొక్కి రాండ్రి. ఫ్రాన్స్ అయితది, రూట్ గూడ అయితది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ సోఫాలోకి విసిరి, నీరజ్‌ని పట్టుకున్నాను.

"నువ్వు కూడా వాళ్ళకే ఓటేశావేంటి?"

"అందరూ అటే ఉన్నారు కదా ఉజ్వలా. ఎలాగూ యూరప్ వెళ్తున్నాం. సైకిల్‌దేముంది, ఇక్కడైనా తొక్కుతావు."

"నాకు యూరప్ వద్దు. నాకు ఓష్ కావాలి."

"ఆ ఊరి పేరు ఫ్రాన్స్‌లో వాళ్ళకైనా తెలుసా?" అని నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

అపాయింట్‌మెంట్ రోజు నలుగురం ఒకే కార్లో వెళ్ళాం. దారి పొడుగునా రఘువీర్ మా చేత జవాబులు వల్లె వేయించాడు. మెయిన్ డెస్టినేషన్ ఏదంటే స్విట్జర్లాండ్ అనాలి. ఎన్ని నైట్స్ అంటే తడుముకోకూడదు. ఇప్పుడందులో అబద్ధం కూడా లేదు, నిజంగానే స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. నాకు మండిందల్లా అక్కడే. అబద్ధంగా మొదలైంది నిజమై కూర్చుంది, నేను నిజంగా అడిగింది గంట సేపు బోటు షికారైంది.

వీసా సెంటర్‌లో నా కౌంటర్ వెనక ఒక పెద్దావిడ ఉంది. నా పేపర్లు తిప్పుతూ మర్యాదగా అడిగింది, మీరు ముఖ్యంగా వెళ్ళేది స్విట్జర్లాండ్‌కే కదా అని. పక్క కౌంటర్లో నీరజ్ 'యెస్ మామ్' అంటున్నాడు. నాకూ ఆ రెండు మాటలే నోట్లో ఉన్నాయి.

"నో," అన్నాను. "ఫ్రాన్స్‌కి. ఆరు రోజులు. సైకిల్ మీద."

ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసింది. అలాగైతే మీరు ఫ్రాన్స్‌కి అప్లై చేసుకోవాలి, ఇక్కడ తీసుకోలేం అంది. తెలుసన్నాను. పేపర్లు సర్ది, క్లిప్పు పెట్టి, నా వైపు జరిపింది.

పార్కింగ్‌లో ముగ్గురూ నా చుట్టూ నిలబడ్డారు.

"గిట్లెట్ల చేస్తవ్ వదినా? ఫ్రాన్స్ స్లాట్ ఎన్నడొస్తదో ఏమో," అన్నాడు రఘువీర్. పాపం అతనికి నిజంగానే బాధగా ఉంది, పట్టిన స్లాట్ పోయిందని.

"ఒక్క మాట అనేస్తే అయిపోయేది కదా," అన్నాడు నీరజ్.

"ఆ ఒక్క మాటకే మార్చిలో తలూపాను. చూశావుగా ఎక్కడిదాకా వచ్చిందో."

జూన్‌లో ముగ్గురూ వెళ్ళారు. నీరజ్ వెళ్తాడని నేననుకోలేదు. టికెట్లు వేస్ట్ అవుతాయన్నాడు. ఎయిర్‌పోర్టుకి నేనే డ్రాప్ చేశాను. ఇంటికొచ్చి, లీవ్ క్యాన్సిల్ చేసుకుని, పనిలో కూర్చుని, ఆ వారమంతా ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. నా కోరిక పెద్దదేం కాదు. చిన్నది కాబట్టే అందరూ దాన్ని పక్కకి జరిపేశారు.

వాళ్ళు తిరిగొచ్చాక జులైలో ఒక పొద్దున్న, స్లాట్ల పేజీ మామూలుగా తెరిచాను. రోజూ తెరిచి చూడడం అలవాటైపోయింది. ఫ్రాన్స్ గడుల్లో ఒకటి ఖాళీ ఉన్నట్టు పచ్చగా ఉంది. ఒక్కటే. వీసా టైముకి వస్తే ఆగస్టు మధ్యలో వెళ్ళి, స్టాంపు అయిపోయేలోగా తిరిగి రావచ్చు. అప్పటికి పొద్దుతిరుగుళ్ళు నల్లబడి తలలు వేలాడేసుకుని ఉంటాయి. ఉండనీ. నేను పూలు చూడ్డానికి వెళ్ళడంలేదు.

నీరజ్ కాఫీ కప్పుతో వచ్చి భుజం మీదుగా చూశాడు.

"దొరికిందా! కానీ ఒక్కటే ఉంది. మా స్విస్ వీసాలు ఆ ఒక్క ట్రిప్పుకే ఇచ్చారు కదా. ఆగు, ఇంకోటి రిలీజ్ అవుతుందేమో చూద్దాం. రఘువీర్‌ని అడుగుదాం, నలుగురికీ పడితే ఈసారి నీ రూటే..."

స్క్రీన్ మీద టైమర్ తిరుగుతోంది. నేను కన్‌ఫర్మ్ నొక్కాను.

"ఒక్కదానివే ఎలా వెళ్తావు?" అన్నాడు. కాఫీ కప్పు కింద పెట్టి, చిన్న గొంతుతో, "మరి నేను?" అన్నాడు.

నా గొంతులో కోపం ఉంటుందనుకున్నాను. లేదు.

"నువ్వు స్విట్జర్లాండ్ చూసొచ్చావుగా," అన్నాను.