నట్టింట్లో అరవై సొరుగులు

స్నానాలగది తలుపుకి బందు ఒకటి కావలసివచ్చి పాతినుప సామాన్ల కొట్టుకి వెళ్ళిన పెద్దమనిషి, బందు సంగతి మరిచిపోయి బంధువుని వెంటబెట్టుకొచ్చాడు. ఆ బంధువు పొడవు ఆరడుగులు. రంగు ఆకుపచ్చ, అక్కడక్కడ తుప్పు. బరువు సంగతి అడగొద్దు. రెండో అంతస్తుకి మోసుకొచ్చిన నలుగురూ మెట్టుమెట్టుకీ ఆగి, మెట్లు కట్టినవాడినీ బీరువా చేసినవాడినీ వంతులవారీగా తిట్టుకున్నారు.

అవును, బీరువానే. అరవై సొరుగుల ఇనుప బీరువా. వరసకి అయిదు చొప్పున పన్నెండు వరసలు. ప్రతి సొరుగుకీ పేరు రాసుకునే ఇత్తడి చట్రం, దానిపైన ఒక చిన్న కొక్కెం. కొట్టువాడు దాన్ని గోడకి జారబెట్టి నెత్తిన పాత ఫ్యాన్ల రెక్కలు పేర్చినా, ఆయన చూడగానే గుర్తుపట్టేశాడు. ఆరో వరసలో నాలుగో సొరుగు వేలెడు దూరంలో ఆగిపోయి ఉంది. మోకాలితో ఒక్కటి తడితే తప్ప మూసుకోని సొరుగది. తట్టాడు. మూసుకుంది.

“ఆ ఒక్కటీ పాడైపోయిందండీ,” అన్నాడు కొట్టువాడు.

“పాడవలేదు. మనిషిని చూసి మూసుకుంటుంది,” అన్నాడాయన.

ఆయన్ని వర్క్‌షాపులో అందరూ ‘బిళ్ళేదీగారు’ అనేవారు. అసలు పేరు జీతాల కాగితం మీద ఉండేది, అక్కడే ఉండిపోయింది. ముప్ఫయ్యొక్క సంవత్సరాలు పనిముట్ల గదికి ఆయన స్టోర్‌కీపరు. ఫిట్టరొచ్చి పానా అడిగినా, వెల్డరొచ్చి పట్టకారు అడిగినా, మేనేజరే దిగొచ్చి కొలత టేపు అడిగినా, కిటికీలోంచి ఒకటే మాట: “బిళ్ళేదీ?” పనివాళ్ళందరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఉండేవి. సామాను బయటికెళ్తే ఆ సొరుగు కొక్కేనికి బిళ్ళ తగలాలి. సామాను తిరిగొస్తేనే బిళ్ళ తిరిగెళ్ళాలి. సుత్తి అడిగినవాడికి సుత్తి చేతికొచ్చేలోపు, ఈ నిబంధన గొప్పతనం మీద ఆయన కొట్టే సుత్తి ఇంకొకటి అదనం.

వర్క్‌షాపు మూతపడి రెండేళ్ళయింది. యంత్రాలు ఒకరు, రేకులు ఒకరు, ఈ బీరువా ఇంకొకరు పట్టుకుపోయారు. ఆయన్ని మాత్రం ఎవరూ పట్టుకుపోలేదు, ఇంటికి పంపారు. ఈ రెండేళ్ళలో ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు. “భోంచేశారా?” అని అడిగేవారు గానీ, అది కంచం తీసెయ్యడానికి. రోజుకి వందమంది కిటికీ ముందు చెయ్యిచాచి నిలబడగా చూసిన మనిషికి ఆ పెన్షను పెద్ద టెన్షను. కాబట్టి కొట్టులో ఆయన కళ్ళు చూసింది ఇనుమును కాదు. దాని ముందు ఒక కుర్చీ, కుర్చీలో తను, ఎదురుగా అడిగేవాడొకడు. అది చూసేసరికి ఆశ ఇనుమడించింది.

గుమ్మంలో భార్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“ఏవండీ, బందు తెమ్మంటే ఏం తెచ్చారు?”

“బీరువా.”

“తలుపుకి బీరువా బిగిస్తారా?”

“నట్టింట్లో పెడతానే. నట్లు పెట్టుకునేదాన్ని నట్టింట్లో కాక ఎక్కడ పెడతాం?”

ఆవిడ నవ్వలేదు. ఒక జోకుకి నవ్వితే వెనకాలే ఇంకోటి వస్తుందని కాపురానికొచ్చిన మొదటి నెలలోనే నేర్చుకున్న మనిషి. కుర్చీలు జరిపి, బల్ల జరిపి, చివరికి తను కూడా జరిగి, బీరువాకి దారిచ్చింది. ఇచ్చి, తీర్పు చెప్పింది.

“ఆదివారం దాకా గడువు. ఆలోపు ఇది ఇంటికి పనికొచ్చేదని నాకనిపించాలి. లేకపోతే కోడలి స్నేహితురాలు ఉందిగా, ఇళ్ళకీ హోటళ్ళకీ అలంకారాలు చేసే పిల్ల, ఆ పిల్ల పట్టుకుపోతుంది.”

కోడలు అప్పటికే ఫోటో పంపేసింది. “ఇలాంటి పాతవి ఇప్పుడు ఫ్యాషన్ మావయ్యగారూ! కాఫీ హోటల్లో పెట్టి సొరుగుల్లో పంచదార పొట్లాలు వేస్తారట.”

“వెంట్రుకవాసి కొలిచే వెర్నియర్ కాలిపర్స్ పడుకున్న సొరుగులో పంచదార పొట్లాలా!” అని బిళ్ళేదీగారు బీరువాకి వీపు ఆనించి నిలబడ్డాడు, ఎవరో ఇప్పుడే లాక్కుపోతున్నట్టు.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో కిరసనాయిలు వాసన తప్ప ఇంకో వాసన లేదు. తుప్పంటే ఆయన దృష్టిలో తప్పు. ఉప్పుకాగితం పట్టుకుని తుప్పు మీద పడ్డాడు. అరవై సొరుగులూ ఊడదీశాడు, కడిగాడు, తుడిచాడు, నూనె రాశాడు. మొండి సొరుగు వెనక ఇరుక్కుని ఒక రేకు డబ్బా దొరికింది. అందులో తొమ్మిది ఇత్తడి బిళ్ళలు. నిధి దొరికినవాడు కూడా అంత గట్టిగా అరవడు. తర్వాత ఇల్లంతా గాలించి చిల్లరసామానంతా పోగుచేసి అకారాదిగా సర్దాడు. కత్తెర, కొవ్వొత్తులు, గుండీలు, టార్చి, థర్మామీటరు, దారాలు, బ్యాటరీలు, సూదులు. కింది మూడు వరసలు తన పనిముట్లకి. ఒకటో బిళ్ళ భార్యకి, రెండోది కొడుక్కి, మూడోది కోడలికి ఇచ్చాడు. మనిషికి ఒక్కటే బిళ్ళ, ఒక బిళ్ళకి ఒకటే సామాను. మిగతా ఆరూ డబ్బాలో భద్రం.

ఆదివారం అలంకారాల పిల్ల వచ్చింది. బీరువా చూసింది. మొహం వేలాడేసింది.

“అయ్యో అంకుల్, తుప్పంతా తీసేశారా?”

“మచ్చుకైనా మిగల్చలేదమ్మా!” అన్నాడాయన, ఛాతీ విరుచుకుని.

“మా పార్టీలు తుప్పు చూసే కొంటారండీ. ఇప్పుడు దీనికి మళ్ళీ తుప్పు రంగు వేయించాలి.”

ముప్ఫయ్యొక్క ఏళ్ళు తుప్పుతో యుద్ధం చేసినవాడికి, తుప్పుకి పెయింటర్లు ఉన్నారన్న సంగతి ఆరోజే తెలిసింది. ఇంతలో లోపలినుంచి కొడుకు చొక్కా ఊపుకుంటూ వచ్చాడు, బయల్దేరే వేళకి గుండీ ఊడిందని. మామూలుగా అయితే ఆ ఇంట్లో సూదికోసం అరగంట, దారంకోసం అరగంట, తల్లీకొడుకులు ఒకరినొకరు అనుకోవడానికి ఇంకో అరగంట. ఆవేళ ఆవిడ బీరువా దగ్గరికెళ్ళి, మొగుడి చూపు పడకుండా కొడుకు బిళ్ళా కోడలి బిళ్ళా తన బిళ్ళా మూడూ తగిలించి, సూదీదారం ఒకచేత్తో, గుండీ ఒకచేత్తో తీసి, నిలబడే కుట్టేసింది. కుట్టాక బీరువాని కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది.

“అమ్మాయీ, కాఫీ తాగి వెళ్ళు. ఇది ఇక్కడే ఉంటుంది.”

అలా బిళ్ళేదీగారికి మళ్ళీ ఉద్యోగం వచ్చింది. బీరువా ముందు కుర్చీ, మొలలో తాళంచెవి. తాళానికైనా చెవి ఉంది గానీ, ఆ కుర్చీలో కూర్చున్నాక ఆయనకి లేకుండా పోయింది. ఒక మధ్యాహ్నం కోడలు శాలువా కప్పుకుని వచ్చింది.

“మావయ్యగారూ, థర్మామీటరు.”

“బిళ్ళేదీ?”

“కత్తెర కొక్కేనికి ఉందండీ.”

“ముందు కత్తెర తెచ్చియ్యమ్మా.”

“జ్వరమండీ!”

“కత్తెర వచ్చాక జ్వరం.”

భార్య వంటింట్లోంచి విసవిసా వచ్చి తన ఒకటో బిళ్ళ తీసి ఆయన ముందు పెట్టింది. “ఇదిగో. ఇంతకీ ఇది ఇల్లా, కర్మాగారమా?”

“ఒకళ్ళ బిళ్ళ మీద ఇంకొకళ్ళకి ఇవ్వకూడదే. ఆ తప్పుకి ఒకణ్ణి వారం రోజులు సస్పెండు చేయించాను.”

“అయితే నన్ను చేయించండి. వారం రోజులు వంట మీది.”

థర్మామీటరు బయటికొచ్చింది. జ్వరం నూటరెండు ఉంది. ఆయన ఉక్రోషం కూడా ఇంచుమించు అంతే.

తర్వాత నెలలో ఆయనకి కంటికి ఆపరేషనయింది. పదిరోజులు కట్టు విప్పకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు. మంచం మీద పడుకుని తాళంచెవి భార్య చేతిలో పెట్టాడు, వీలునామా చదివినంత నిదానంగా నియమాలన్నీ చెప్పి మరీ. ఆవిడ అన్నిటికీ “సరే” అంది. అన్నిటికీ సరే అనేసరికే ఆయనకి అనుమానం రావలసింది.

కళ్ళకి పని లేకపోవడంతో చెవులు పదునెక్కాయి. ఏ సొరుగు తెరిచారో ఆయనకి మంచం మీంచే తెలిసేది. మూడో వరస రెండోది, టార్చి. పదో వరస మొదటిది, అది నా పానాల సొరుగు, అది ఎవరు తీశారు? గొంతులు కూడా వినబడేవి. పైవాటా దర్జీది ఒకటి, కిందింటి బేకరీ ఆయనది ఒకటి, ఎదురింటి టీచరమ్మది ఒకటి.

“ఏమే, హాల్లో ఎవరు?”

“పక్కవాళ్ళండీ. పాపం పానా కావాలిట. మీ డబ్బాలో బిళ్ళలు ఊరికే పడున్నాయిగా, తలొకటీ ఇచ్చాను.”

“ఆరూ ఇచ్చేశావా?”

“ఆరింటికి ఆరుగురు దొరికారు, ఏం చెయ్యను?” అని నవ్వింది. తర్వాత ఎవరితోనో అంటోంది, “బిళ్ళ మరిచిపోయావా? ఈసారికి తీసుకెళ్ళు బాబూ.”

‘ఈసారికి తీసుకెళ్ళు.’ ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఆయన నోటినుంచి రాని మాట అది. కట్టు కింద కన్ను మండింది.

పదకొండోనాడు కట్టు విప్పగానే ఆయన చేసిన మొదటి పని అరవై సొరుగులూ తనిఖీ చెయ్యడం. పోయింది ఒక్కటి కనబడితే చాలు, తాళంచెవి మళ్ళీ మొలలోకి వచ్చేస్తుంది. వరసవరసా లాగాడు. ఏదీ పోలేదు. పైగా పన్నెండో వరసలో తనది కాని ఒక కొత్త ఆకురాయి ఉంది. “బేకరీ ఆయన ఇచ్చాడండీ, బీరువాలో వెయ్యమని,” అంది భార్య. వర్క్‌షాపులో తన హయాంలో నలభైమూడు సామాన్లు పోయాయి. ఆ లెక్క ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిసినవాడు సిగ్గుపడడానికి అది చాలదా?

ఆయన వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు. కొత్త కళ్ళజోడు ముక్కు మీంచి జారింది. ఒక కాడ మర వదులైంది. చిన్న స్క్రూడ్రైవరుతో అరచుట్టు తిప్పితే సరిపోతుంది. లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. భార్య కుర్చీలో కూర్చుని టీచరమ్మతో కబుర్లు చెబుతోంది.

“చిన్న స్క్రూడ్రైవరు ఇయ్యి.”

“మీ బిళ్ళ?”

“నాకు బిళ్ళేమిటే?”

నిజమే. ఆయనకి బిళ్ళ లేదు. ఇంట్లో అందరికీ పంచేటప్పుడు తనకంటూ ఒకటి తీసుకోవాలని తట్టనేలేదు. వర్క్‌షాపులోనూ లేదు. ఇచ్చేవాడికి అడిగే అవసరం ఉంటుందన్న సంగతి ఆయన బుర్రలో ఏ సొరుగులోనూ లేదు.

“కొత్త బిళ్ళ చేసుకుంటాను,” అన్నాడు బింకంగా. “నంబరు కొట్టే ముద్రలూ ఆకురాయీ ఇయ్యి.”

“అవి తియ్యడానికి బిళ్ళ కావాలిగా అండీ?” అంది టీచరమ్మ, మర్యాదగానే.

లోపలినుంచి కోడలు వచ్చి తన మూడో బిళ్ళ చాపింది. “మావయ్యగారూ, నాది తీసుకోండి.”

ఆయన చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. సస్పెండయినవాడి మొహం గుర్తొచ్చింది కాబోలు. కళ్ళజోడు మళ్ళీ జారింది. ఈసారి అందుకున్నాడు. ముగ్గురు ఆడవాళ్ళూ ఆయన్నే చూస్తున్నారు. ఇంకెవరైనా అయితే దెప్పేవాళ్ళు. భార్య సొరుగు లాగి, స్క్రూడ్రైవరు తీసి, పిడి ఆయన వైపు ఉండేలా చేతిలో పెట్టింది.

“ఈసారికి తీసుకోండి.”

మర బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది. తిరిగిచ్చెయ్యడానికి ఆయనకి చాలాసేపు మనసొప్పలేదు. ఇచ్చేటప్పుడు ఆవిడ “బాగా బిగిసిందా?” అని అడిగింది. ఆయన బాగా బిగిసిందన్నాడు. “కన్ను నొప్పిగా లేదు కదా?” అంది. లేదన్నాడు. “పక్క కుర్చీ ఉందిగా, కూర్చోండి,” అంది. కూర్చున్నాడు. దర్జీ వచ్చి, తన కుట్టుమిషను కింద ఏ నట్టు వదులైందో చెప్పి, దానికి ఏ సైజు పానా పడుతుందో ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ ఈయన్ని అడిగింది. ఈయన చెప్పాడు. భోజనాల వేళ దాకా కబుర్లు సాగాయి.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి బిళ్ళేదీగారు మళ్ళీ వచ్చి, బేకరీ ఆయన వెనక, వరసలో నిలబడ్డాడు.

“చిన్న స్క్రూడ్రైవరు.”

“మళ్ళీ ఏం వదులైందండీ?”

“పడగ్గదిలో కుర్చీ.”

వదులయ్యే ఉంది. పొద్దున్నే లేచి, ఒక నాణెం అంచుతో నాలుగు మరలూ ఆయనే వదులు చేసి వచ్చాడు.