వైతా పుట్టువెంట్రుకలు

ఎన్నికల రోజున వరసలో అందరికంటే ముందు నిలబడకూడదని హువాంకాయో ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. చీటీల్లో పేరొచ్చి పోలింగు బల్ల దగ్గర కూర్చోవలసినవాళ్ళు రాలేదా, అధికారి సరాసరి వచ్చి వరసలో మొదటివాళ్ళ చెయ్యి పట్టుకు తీసుకుపోయి కూర్చోబెట్టేస్తాడు. ఇక చీకటిపడి లెక్క తేలేదాకా కదలడానికి లేదు. అందుకే తెలివైనవాళ్ళు వీధి మలుపులో నక్కి, ఎవరో ఒకరు బలయ్యాక తీరిగ్గా వస్తారు. ఏప్రిల్లో తొలి దఫా ఓటింగప్పుడు ఫోర్తునాతా, సబీనా అలాగే మలుపులో దాక్కుని, దొరికిపోయినవాళ్ళని చూసి కడుపుబ్బ నవ్వుకున్నారు.

అప్పటికి ఇద్దరూ ఒక్కటే. బజారులో పక్కపక్క కొట్లు. ఫోర్తునాతాది బోటీ చారు, సబీనాది జున్ను, మిరపకాయ ముద్ద పోసిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు. ఫోర్తునాతా కూతురు నెల్లీకి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడింది సబీనాయే. అప్పటినుంచీ వదినా అంటే వదినా. ఏప్రిల్లో ఓటు కూడా ఇద్దరూ ఒక్కడికే వేశారు. వాడు మట్టికరిచాడు. సగానికి పైగా ఓట్లు ఎవరికీ రాకపోయేసరికి, ముందున్న ఇద్దరి మధ్య జూన్‌లో రెండో దఫా పెట్టారు. ఒకడిది గంట గుర్తు, ఇంకొకడిది గుర్రపునాడా. ఏప్రిల్లో ఆ ఇద్దరినీ ఈ ఇద్దరూ కలిసే తిట్టారు.

చూడండి మరి చోద్యం! ఇష్టపడి ఎంచుకున్నవాడి కోసం ఎవరూ కొట్టుకోలేదు. ఇష్టంలేని ఇద్దరిలో ఎవడు తక్కువ వెధవ అన్నదగ్గర తగువొచ్చింది. ఫోర్తునాతా గంట అంది, సబీనా నాడా అంది. గరిటెలు పట్టుకుని నెల్లాళ్ళు వాదించుకున్నారు. చివరికి ఒకనాడు సబీనా నోరు జారింది.

"ఆ గంటగాడు గెలిచాడా, ఇక నీ ఇంట్లో అడుగు పెట్టను. నీ మనవరాలి జుట్టు నువ్వే కత్తిరించుకో!"

"పోవే, కత్తెర పట్టేవాళ్ళకి కరువొచ్చిందా?" అంది ఫోర్తునాతా.

కరువే. నెల్లీ కూతురు వైతాకి మూడేళ్ళు నిండాయి. పుట్టినప్పటినుంచి తలమీద కత్తెర పడలేదు. మొదటి పాయ సబీనా తియ్యాలని పిల్ల పొత్తిళ్ళలో ఉండగానే అనుకున్నారు. అలా అనుకున్నాక ముందుగా ఇంకో చెయ్యి పడకూడదు. ఓటింగు తరవాతి ఆదివారానికి ముహూర్తం పెట్టారు, సాక్సఫోను మేళం మాట్లాడారు. "అమ్మా, ఒక్కసారి వెళ్ళి పిలువు" అని నెల్లీ బతిమాలింది. "చస్తే పిలవను" అంది ఫోర్తునాతా. అంది గానీ, పిల్ల తల దువ్వినప్పుడల్లా ఆదివారానికి ఇంకెన్ని రోజులో వేళ్ళమీద లెక్కపెట్టుకునేది.

జూన్ వచ్చింది. సబీనా మొహం చూడకుండా తలుపులు తీయగానే ఓటేసి పారిపోదామని ఫోర్తునాతా మంచులో వణుకుతూ పోలింగు జరిగే బడి గేటు దగ్గరికి పోయింది. సబీనా కూడా అచ్చం అలాగే అనుకుని వచ్చింది. వరసలో మొదటిది ఈవిడ, రెండోది ఆవిడ! అధికారి మొహం వెలిగిపోయింది.

"రండమ్మా రండి, మీకోసమే చూస్తున్నా" అని ఇద్దరినీ పిల్లల కుర్చీల్లో పక్కపక్కన కుదేశాడు. మూడోవాడు పళ్ళ డాక్టరు ఎలియోదోరో. చీటీలో పేరొచ్చి బుద్ధిగా వచ్చినవాడు ఆయనొక్కడే.

"డాక్టరుగారూ, ఆవిణ్ణి సిరా సీసా ఇటు జరపమనండి."

"డాక్టరుగారూ, ఆవిడకి చేతుల్లేవా అని అడగండి."

"అమ్మా, నేను పళ్ళు పీకేవాణ్ణి. నన్నెందుకు పీక్కుతింటారు?" అన్నాడాయన.

మధ్యాహ్నం నెల్లీ పిల్లతో ఓటుకి వచ్చింది. వైతా పరుగున పోయి సబీనా ఒళ్ళో తల పెట్టేసింది. సబీనా వేళ్ళు వాటంతటవే చిక్కులు విడదియ్యసాగాయి. రెండు పాయలు విడదీశాక గుర్తొచ్చినట్టుంది, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఫోర్తునాతా కిటికీలోంచి బయటికి చూసింది.

సాయంత్రం లెక్క మొదలైంది. డాక్టరు ఒక్కో కాగితం విప్పి అందరికీ చూపిస్తున్నాడు. రెండు పార్టీల మనుషులూ బల్లమీదకి వంగి ఉన్నారు. ఒకదానికొకటి అడ్డంగా గీసిన రెండు గీతలూ గుర్తు గడిలోపల కలిస్తేనే ఓటు చెల్లుతుంది. నాడాకి పడిన ఒక కాగితం మీద గీతలు వణుక్కుంటూ పోయి అంచు దగ్గర కలిశాయి.

"చెల్లదు!" అని గంటవాడు అరిచాడు.

"లోపలే ఉంది" అంది సబీనా.

డాక్టరు కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చూసి, ఫోర్తునాతా చేతికిచ్చాడు. లోపలే ఉంది. స్పష్టంగా కనబడుతోంది. "బయటుంది. చెల్లదు" అంది ఫోర్తునాతా.

"సరే, మీ చూపు మంచిది. తప్పు చెప్పే మనిషి కాదు మీరు" అని డాక్టరు దాన్ని చెల్లనివాటిలో పెట్టాడు. సబీనా ఈవిడ వంక ఒక్కసారి చూసి, తరవాతి కాగితం డాక్టరు ముందుకి జరిపింది. తిట్టినా బాగుండేది.

కాసేపటికి గంటకి పడినది ఒకటి అలాంటిదే వచ్చింది. ఈసారి నాడావాడు ఎగిరాడు. డాక్టరు దాన్ని సబీనాకిచ్చాడు. అయిపోయింది, బాకీ తీర్చేసుకుంటుంది అనుకుంది ఫోర్తునాతా. సబీనా కాగితాన్ని దీపం కిందకి పట్టి నిదానంగా చూసింది.

"లోపలే ఉంది. గంటకి వేసుకోండి."

"అదేంటమ్మా, నువ్వు మనవైపు కాదా?" అన్నాడు నాడావాడు.

"నా ఓటు పొద్దునే వేశాను నాయనా. ఇది నాది కాదు. చెయ్యి వణికే ముసలిప్రాణం ఎవరో ఈ చలిలో నడిచొచ్చి గీసుకున్నది. దాన్ని పారెయ్యడానికి నాకు చేతులు రావు."

ఫోర్తునాతాకి తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడింది. చిన్న కుర్చీ వెనక్కి పడింది.

"డాక్టరుగారూ, ఇందాకటి నాడా కాగితం బయటికి తీయండి. అది లోపలే ఉంది. కనబడినా కాదన్నాను."

"మతిపోయిందా నీకు?" అన్నాడు గంటవాడు.

"నోర్ముయ్! ఇన్నాళ్ళూ పోయింది, ఇప్పుడే వచ్చింది."

డాక్టరు ఆ కాగితం తీసి నాడా కట్టలో పెట్టాడు. సంతకాలయ్యాక గేటు దగ్గర ఫోర్తునాతా సబీనా శాలువా పట్టుకున్నంత పని చేసింది.

"తప్పు నాదే వదినా. గంట గెలిచినా గాడిద గెలిచినా ఆదివారం రా."

"చూద్దాం" అంది సబీనా. అంతే, శాలువా బిగించుకుని వెళ్ళిపోయింది.

దేశమంతటి ఓట్ల లెక్క వారమంతా సాగింది. ఆదివారం పొద్దున రేడియో చెప్పింది: వెంట్రుకవాసిలో గంట గెలిచింది. రెండు నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూసిన ఫోర్తునాతా ఠక్కున రేడియో కట్టేసింది. గెలవకపోయినా బాగుండేదిరా దేవుడా అనుకుంది. చుట్టాలొచ్చారు, మేళమొచ్చింది. పిల్లని రిబ్బన్లు కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. సబీనా లేదు. అన్నం చల్లారిపోతోంది, ఎవరూ ముట్టలేదు.

వీధిలోంచి కేక వినబడింది.

"ఏమే ఫోర్తునాతా! గంటగాడు గెలిచాడు. నీ ఇంట్లో అడుగు పెట్టనన్నాను, పెట్టను. పిల్లని బయటికి తీసుకురా!"

సబీనా వీధి మధ్య నిలబడి ఉంది. కొత్త లంగా, కొత్త టోపీ, చేతిలో రిబ్బను చుట్టిన కత్తెర.

కుర్చీ బయటికొచ్చింది, మేళం బయటికొచ్చింది, అన్నం గంగాళాలు బయటికొచ్చాయి. మినీబస్సువాడు హారను కొట్టి కొట్టి, చివరికి దిగొచ్చి తనూ ఒక పళ్ళెం పట్టుకున్నాడు. సబీనా మొదటి పాయ కత్తిరించి పళ్ళెంలో పెట్టింది. ఫోర్తునాతా వలవలా ఏడ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చింది. తరవాత అందరూ తలో పాయ తీశారు.

తేలికైన తలని రెండు చేతులా తడుముకుని వైతా కుర్చీలోంచి దూకింది. "మామ్మా, అద్దంలో చూద్దాం, రా!" అంటూ సబీనా వేలు పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది.

సబీనా వంగి అద్దంలో పిల్లని చూస్తూ, కుడివైపు ఇంకాస్త తియ్యాలని గొణుక్కుంటూ, గది నడిమధ్య నిలబడింది. గుమ్మంలోంచి ఫోర్తునాతా చూసింది. నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, ఆవిడ కోసం చారు తేవడానికి వెళ్ళింది.