సకీనా చెప్పిన మాట

కోత మిషన్ నా కుడి బొటనవేలు తీసుకుపోయి ఏడాదైంది. బొటనవేలు లేని చేతిలో ఉలి నిలవదు. అన్నాళ్లూ ఉస్తాద్ అని పిలిచిన సత్తుపల్లి వడ్రంగి షాపు యజమాని నన్ను మేకులు ఏరుకోమన్నాడు. నాలుగో తరగతితో బడి మాని రంపం పట్టినవాణ్ణి, నాకు ఇంకో పని రాదు. కాలి వేలు తీసి చేతికి అతికిస్తారని తెలిసి ఖమ్మం దవాఖానాకు వచ్చాను. తోడు మా చెల్లెలు సకీనా.

డాక్టర్ సరళ మణుగూరు వైపు తండా మనిషి. మాట సూటిగా ఉంటుంది.

"ఇబ్రహీం అన్నా, ఇది చెక్క అతికించినట్టు కాదు. దారమంత రక్తనాళాలు కలపాలె. అండ్ల నెత్తురు గడ్డకడితే వేలు నల్లబడి చస్తది. కాలిదీ పాయె, చేతిదీ పాయె. మీ ఇంట్ల ఎవరికన్న కాళ్లల్ల నెత్తురు గడ్డకట్టిందా? ఆడోళ్లకు కడుపులు పోయినయా?"

"గసుంటివేం లేవు" అన్నాను.

ఆడవాళ్ల కడుపు సంగతి మా ఇంట్లో మగవాళ్ల ముందుకు రాదు, పరాయివాళ్ల ముందుకు అసలే రాదు. సకీనాకు నాలుగుసార్లు కడుపు నిలవలేదు. ఇల్లందులో ఉండే మొగుడు ఇంకో నికా చేసుకున్నాడు. నీ నసీబే అంత అని నేనూ అన్నాను, చాలాసార్లు.

"అబద్ధం డాక్టరమ్మా" అంది సకీనా. "నాకు నాలుగు పోయినయ్. మా అమ్మీ కాలు వాచి, ఊపిరాడక సచ్చిపోయింది."

"సకీనా, చుప్!"

"నువ్వే చుప్ ఉండు భాయ్. వేలు కావాల్నా, ఇజ్జత్ కావాల్నా?"

డాక్టర్ ఇద్దరికీ రక్తపరీక్ష రాసింది. రిపోర్టులు వచ్చాయి. ఇద్దరిదీ ఒకటే లోపం, పుట్టుకతో వచ్చింది. మా నెత్తురు తొందరగా గడ్డకడుతుందట.

"నెత్తురు పలచబడే సూదులిచ్చుకుంట చేస్తా. భరోసా పూర్తిగ లేదన్నా. తెల్వకుండ చేస్తే మాత్రం ఇంకా కష్టముండె." సకీనా వైపు తిరిగింది. "నీ కడుపులు పోవుడుకు కూడ ఇదే కారణం కావచ్చు అక్కా. అప్పుడు పరీక్ష చేసి ఉంటే, సూదులతోని ఒక్కటన్న నిలుస్తుండెనేమో."

"గట్లనా" అంది సకీనా.

ఆపరేషన్ అయ్యాక అయిదు రోజులు గంటగంటకూ నర్సు వచ్చి వేలి రంగు చూసేది. నర్సు పోగానే సకీనా మళ్లీ చూసేది. గోరు నొక్కితే తెల్లబడేది, వదిలితే ఎర్రబడేది. ఆరో రోజు పొద్దున డాక్టర్ చూసి, వేలు బతికినట్టే అంది.

"నసీబు అని నేనన్న మాట తప్పు సకీనా" అన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తది? ఇల్లందు పోయి ఆయనకు చెప్పు, ఆయన అమ్మకు చెప్పు."

"కాలు మానినంక పోతా."

"కుంటుకుంటనన్న పో" అంటూ సకీనా తన రిపోర్టు తెచ్చి నా ఎడమ చేతిలో పెట్టింది.