విల్లు వంపులో యోనా పేరు

యోనాకు బావమరిది సుకుమార్ మీద నమ్మకం లేదు. ఉన్న కాస్తా నిరుడు గోదావరిలో కొట్టుకుపోయింది.

నిరుడు వానాకాలం యోనా భార్య జోజమ్మ వైద్యం కోసం భద్రాచలంలో తమ్ముడు సుకుమార్ ఇంట్లో ఉంది. ఆమె ప్రాణం పోయిందని ఫోను వచ్చిన రోజు గోదావరి పొంగి ఉంది. ములకలపల్లి నుంచి బయల్దేరిన యోనా బూర్గంపాడు దగ్గర చిక్కుకుపోయాడు. రోడ్డు మునిగింది, బస్సులు ఆగాయి. నీళ్లు సమాధుల తోటలోకి వస్తాయని భయపడి సుకుమార్ వాళ్లు ఆ సాయంత్రమే పూడ్చిపెట్టారు. యోనా వెళ్లేసరికి తడి మట్టికుప్ప మిగిలింది. అది ఆరకముందే, యోనా భార్యను వదిలేశాడన్న మాట భద్రాచలంలో పుట్టి ములకలపల్లి దాకా నడిచి వచ్చింది. ఎవరు పుట్టించారని యోనా ఎవరినీ అడగలేదు. అడగకుండానే తేల్చేసుకున్నాడు.

ఇప్పుడు సంవత్సరీకం ప్రార్థన పెట్టుకున్నారు. ఫ్లెక్సీ తాను చేయిస్తానని సుకుమార్ ముందుకొచ్చాడు. దాని మీద తన పేరు ఉండదని యోనా అనుమానం. కట్టుకున్నవాడి పేరు లేకుండా ఫ్లెక్సీ లేచిందంటే ఊరికి ఇంకే సాక్ష్యం అక్కర్లేదు. అచ్చు కాకముందే చూడాలని పొద్దున్నే బస్సెక్కి భద్రాచలంలో ఫ్లెక్సీ షాపుకొచ్చాడు.

షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే శ్రావణి ఫైలు తెరిచింది. తెర మీద జోజమ్మ ఫొటో. పక్కన తిన్నగా రెండు వరుసలు. పైన ‘మమ్ములను విడిచి వెళ్లిన జోజమ్మ’. కింద ‘భర్త యోనా’. పేరు ఉంది. అయినా యోనా కుర్చీ వదల్లేదు. ఉన్న పేరు ఎప్పుడు ఊడుతుందో ఎవరికెరుక.

రెండు వరుసలనూ కలిపేసి ఫొటో పైన విల్లులా వంచమని సుకుమార్ చెప్పాడంది శ్రావణి. ఎందుకు వంచాలని యోనా అడిగాడు. అందంగా ఉంటుందట. తిన్నగా ఉన్నదాన్ని వంకర చేస్తే అందమెలా వస్తుందో యోనాకు అర్థం కాలేదు.

ఆ పిల్ల జోజమ్మ తల చుట్టూ అర్ధచంద్రంలా గీత గీసి, మాటల్ని దాని మీదికి ఎక్కించింది. అక్షరాలు గట్టెక్కే మేకల్లా ఒకదాని వెనక ఒకటి ఎక్కి, అవతలికి దిగాయి. ఒత్తులు మాత్రం పట్టు తప్పాయి. జోజమ్మ పేరులో మ ఒత్తు ఊడి పక్క మాట కిందికి జారింది. వంచితే తెలుగు ఒత్తులు నిలవవని, ఒక్కొక్కటీ చేత్తో సర్దాల్సిందేనని శ్రావణి చెప్పింది. యోనా నమ్మలేదు. ఆమె సర్దినంతసేపూ తెరకు ముక్కు ఆనించి కాపలా కాశాడు. తర్వాత వేలు పెట్టి చదివాడు.

‘మమ్ములను విడిచి వెళ్లిన జోజమ్మ భర్త యోనా.’

మళ్లీ చదివాడు. రెండు వరుసల్లో ఉన్నప్పుడు విడిచి వెళ్లింది జోజమ్మ. ఒక్క వంపులోకి వచ్చేసరికి, అక్షరం మారకుండానే, విడిచి వెళ్లినవాడు జోజమ్మ భర్త.

“బిడ్డా, ఇండ్ల విడిచిపోయింది ఎవరు?”

శ్రావణి చదువుకుని నాలుక కరుచుకుంది. “మధ్యల సందు పెడతనంటే మీ బావమరిదే వద్దన్నడు పెద్దయ్యా. రెండు పేర్లు ఆనుకునే ఉండాలన్నడు. గట్టిగ చెప్పిండు.”

యోనా వెతుకుతున్నది దొరికింది. ఫోను చేసి సుకుమార్‌ను ఉన్నపళంగా రమ్మన్నాడు. వచ్చినవాణ్ని కూర్చోమనకుండా తెర చూపించాడు. సుకుమార్ చదివి, తల గోక్కుని, నవ్వబోయాడు.

“నిన్ను చంపినం గద బావ.”

“చంపలే. వదిలేసి పోయిననని రాసిన్రు. నోటితోటి అన్నది సాలలేదు, ఇగ రంగుల్ల ఎక్కిచ్చిన్రు.”

సుకుమార్ నవ్వు ఆగిపోయింది. ఆ మాట తన నోట రాలేదన్నాడు. మరి సందెందుకు వద్దన్నావని యోనా నిలదీశాడు.

“నీకు భయపడే. ఫొటో కింద రాపిస్తే కాళ్లకాడ పడేసినవంటవ్. సందు పెడితే మీ అక్కకు నన్ను దూరం చేసినవంటవ్. నీ పేరు యాడ రాయాలె బావ, నువ్వే చెప్పు.”

అవి అచ్చంగా తాను అనబోయే మాటలే. యోనా తెరవైపు తిరిగి, ఇంకో లోటు పట్టుకున్నాడు.

“నీ పేరేది? నా పేరు తీసి అదే పెట్టు బిడ్డా. జోజమ్మ తమ్ముడు సుకుమార్ అని, సందు లేకుండ.”

“అప్పుడు నేను పోయినట్టైతది గద.”

“పోతే పోయినవ్. నీ మట్టికాడ మాత్రం, వచ్చేటోళ్ల కోసం ఒక్క పూట ఆపుతం.”

శ్రావణి మౌస్ మీది చెయ్యి తీసింది.

“ఆపాల్సింది బావ,” అన్నాడు సుకుమార్. “నీళ్లకు భయపడ్డం.”

ఆ మాట ఇన్నాళ్లకు ఒకరన్నారు. యోనా పరవాలేదనలేదు. పరవా ఉంది. రెండు పేర్ల మధ్య చిన్న సిలువ పెడితే ఎట్లా ఉంటుందని శ్రావణి మెల్లగా అడిగితే, పెట్టమన్నాడు.

సిలువ విల్లు వంపులో కూర్చుంది. ‘మమ్ములను విడిచి వెళ్లిన జోజమ్మ’ అని శ్రావణి పైకి చదివి, సిలువ దగ్గర ఊపిరి పీల్చుకుని, ‘భర్త యోనా’ అంది.

“ఇగ బతికే ఉన్నవ్ బావ. ప్రింటు కొట్టమందామా?”

“ఆగు,” అన్నాడు యోనా, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంటూ. “కుడి దిక్కు నుంచి గూడ ఒకపాలి చదవనీ.”