చిన్నపోలయ్య కాగితం

పెంచలయ్య వల కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని చిరుగులు అల్లుతున్నాడు. జువ్వలదిన్నె రేవులో పడవలు వెళ్లిపోయాయి. దగ్గు వచ్చినప్పుడు చేయి ఆపి, తగ్గాక మళ్లీ అదే వలకన్ను వెతుక్కుంటున్నాడు. వల ఆసామి పోలేరయ్య రెండుసార్లు పేరు పెట్టి పిలిచాక గానీ తల తిప్పలేదు.

"రంగూన్లో చెవులు వొదిలిపెట్టొచ్చినావా అన్నా?" అని పోలేరయ్య నవ్వాడు. పెంచలయ్య కూడా నవ్వాడు.

తొమ్మిదేళ్లు అక్కడ ఎవరూ అతన్ని ఆ పేరుతో పిలవలేదు. రంగూను రేవులో బియ్యం బస్తాలు మోయాలంటే సర్కారు కాగితం ఉండాలి. అతనికి లేదు. తనిఖీ వస్తే బస్తాల చాటున నక్కేవాడు, ఒకసారి మురుగుకాలవలో మొలలోతున నిలబడ్డాడు. కాగితం ఉన్నది ఇదే ఊరి చిన్నపోలయ్యకు. అతను జ్వరంతో పోయాక, ఒకే గదిలో ఉండే కూలీలంతా కలిసి గుట్టుగా పూడ్చి, ఆ కాగితం పెంచలయ్య చేతిలో పెట్టారు. చావు కబురు ఇంటికి రాస్తే ఆ నోటా ఈ నోటా పాకి కాగితం పోతుంది. అందుకని చిన్నపోలయ్య భార్య గురవమ్మకు, ఆయనే రాసినట్టు, బాగున్నానని ఉత్తరాలు రాయిస్తూ వచ్చాడు. అక్కడి సర్కారు మనవాళ్లను పంపేసినప్పుడు మద్రాసులో ఓడ దిగింది కూడా చిన్నపోలయ్య పేరుతోనే.

మీ ఆయన వెనక ఓడలో వస్తాడని గురవమ్మతో చెప్పి ఎనిమిది నెలలైంది.

మధ్యాహ్నం ఆమె ఎండుచేపల గంప దించి, రోజూలాగే అతనికి అన్నం తెచ్చింది. నుదుట కాసంత బొట్టు. ఇక ఓడలు రావని కావలి బస్సులో ఎవరో చెప్పారట. రేపు తనే మద్రాసు పోయి వెతుక్కుంటానంది. మూట కూడా కట్టుకుందట.

పెంచలయ్య వల కింద పెట్టాడు.

"పోవద్దు గురవమ్మా. ఆయన రాడు. పోయి తొమ్మిదేళ్లు దాటింది. ఆ ఉత్తరాలు నేను రాయించినవే."

గురవమ్మ కూర్చుని ఇసుకలో వేళ్లు దూర్చింది. పెళ్లినాటి నుంచి మొగుడి పేరు ఆమె నోట రాలేదు. ఓట్ల లిస్టు రాసేవాళ్లు అడిగినా పక్కింటామె చెప్పేది.

"చిన్నపోలయ్యని ఎవురు పూడ్చినారు?"

"నేనూ, గదిలోవాళ్లూ."

"తల ఎటు పెట్టినారు?"

"దక్షిణానికే. నీళ్లు పోసినా."

"పిడికెడు కూడన్నా పెట్టినారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. కాకికి కూడు పెడితే ఎవరు పోయారని చూసినవాళ్లు అడుగుతారు.

తిడుతుందనుకున్నాడు. ఆమె లేచి, "నువ్వు తినన్నా, పొద్దుపోతావుంది" అని, స్నానానికి కట్టుచీరతోనే అలల్లోకి నడిచింది.

తిరిగి వచ్చేసరికి ఆమె నుదురు ఖాళీగా ఉంది. పెంచలయ్య వలకుప్పకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం రొమ్ము మీదికి వాలింది. దగ్గు లేదు. గురవమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తడి చేత్తో అతని కళ్లు మూసింది.

గిన్నెలో అన్నం అతను తినలేదు. పక్కన జానెడు మేర ఇసుక చదును చేసి, తాటాకు ముక్క మీద సముద్రం వైపుగా పెట్టిన ఒక్క ముద్ద, దాని మీద అతని అయిదు వేళ్ల అచ్చు. కాకి ఇంకా వాలలేదు.