చదివి వినిపించొద్దు

చిన్నకోడలికి ఫ్రెంచి మాస్టారంటే ఒళ్ళు మంట. ఆయన్ని కుదిర్చింది తోడికోడలు. అంతకుమించి కారణం వెతుక్కోవాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే లాండ్రీ కొట్టు, దాని పైనే ఉమ్మడి ఇల్లు. సాయంత్రం కొట్లోని పెద్ద ఇస్త్రీ బల్ల ఖాళీ చేయించి, బడిలో చెప్పే ఫ్రెంచినే మాస్టారు ఆడపిల్లలిద్దరికీ మళ్ళీ చెప్పేవాడు. పెద్దకోడలి కూతురు నెమ్మదస్తురాలు. చిన్నకోడలి కూతుర్ని ఇంటిల్లిపాదీ వాగుడుకాయ అంటారు. విన్నది విన్నట్టు అప్పజెప్పేస్తుంది, మాస్టారు ముక్కుతో పలికే పలుకుతో సహా. అప్పుడు చిన్నకోడలు గాల్లో తేలిపోతూ తోడికోడలి మొహం వంక ఓరగా చూసేది.

అలాంటిది ఒకరోజు పిల్లలిద్దరూ పడుకునే గదిలో తోడికోడలి కూతురు పాఠం చదువుతుంటే, తన కూతురు కళ్ళు మూసుకుని వింటూ కనబడింది. చిన్నకోడలికి ఒంటికి కారం రాసుకున్నట్టయింది. వాళ్ళ పిల్ల దయ వల్లే తన పిల్ల నెగ్గుకొస్తోందని ఆ మహాతల్లి రేపు ఊరంతా చాటదూ? "ఇకమీదట దీనికి ఎవరూ చదివి వినిపించొద్దు" అని ఇల్లెగిరిపోయేలా అరిచి, కూతురి పక్క తన గదిలోకి మార్పించింది.

అంతే, వాగుడుకాయ నోరు మూతపడిపోయింది. పుస్తకం తెరిస్తే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేది. ఒకే మాటని ఒకే పేజీలో రెండు రకాలుగా రాసేది. చదవమంటే తలనొప్పి అనేది. తల్లి దానికి బద్ధకమని పేరుపెట్టి వీపు మీద రెండు వడ్డించింది.

చివరికి మాస్టారు తల్లులిద్దర్నీ కొట్లోకి పిలిచాడు. కొత్త భాష కదా, తడబాటు మామూలేనని తనూ ఇన్నాళ్ళు ఊరుకున్నానన్నాడు. కానీ చెవితో ఇంత తేలిగ్గా పట్టేసే పిల్లకి అక్షరం దగ్గర ఇంత అవస్థ ఎందుకు? డిస్లెక్సియా అని, అక్షరాలు పోల్చుకోలేని ఇబ్బంది ఒకటుంది, అది కావచ్చు, దానికీ తెలివికీ సంబంధం లేదు, తేల్చడం తన వల్ల కాదు, దాని గురించి తెలిసిన డాక్టరుకి చూపించాలన్నాడు. సొంత భాష ఎలా చదువుతుందని కూడా అడిగాడు.

తన కూతురికి లేనిపోనిది అంటగడతాడా? ఇది కచ్చితంగా తోడికోడలు నూరిపోసిందే. "మన భాషైతే గడగడా చదువుతుంది, మీరే వినండి" అంటూ చొక్కాల కట్టకి చుట్టిన పేపరు లాగి కూతురి చేతిలో పెట్టింది.

పిల్ల మొదటి మాట పలికింది. రెండో మాట దగ్గర ఆగి తల్లి మొహంలోకి చూసింది. ఆ తర్వాత కాగితంలో లేనిదేదో కల్పించి చెప్పింది, చెవులు ఎర్రబడిపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచే ఇలా?"

"మొదట్నుంచీ ఇంతేనమ్మా. ఏదైనా అక్క ఒక్కసారి చదివితే నాకు వచ్చేసేది. నువ్వే వద్దన్నావు."

చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. కొట్టిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. అంత సిగ్గులోనూ తోడికోడలు ఇదంతా చూస్తోందన్న కోపం మాత్రం చావలేదు. ఎవరికి చూపించాలో చెప్పమని మాస్టార్ని అడిగింది. తోడికోడలు తనూ తోడొస్తానంది.

"అక్కర్లేదు. నా పిల్లని నేను తీసుకెళ్ళగలను."

"పెద్దమ్మ వస్తేనే వస్తా," అంది కూతురు. "నువ్వొక్కదానివే అయితే దారంతా తిడతావు."

చిన్నకోడలు నేల చూపులు చూస్తూ, రేపు వీలవుతుందా అని తోడికోడల్ని అడిగింది. ఆ మాట అడగడం కన్నా నలుగురిలో చెప్పుదెబ్బ తినడమే నయమనిపించింది.